మూడోసారి కనిపించిన చుక్కలు

మంగళవారం. ఉదయం ఎనిమిది గంటల పదిహేడు నిమిషాలు.

జీబ్రా చారల మీద ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. కుడి చెప్పు కాలికే ఉంది. ఎడమ చెప్పు ఫుట్‌పాత్ పక్కన. నడుముకి కట్టుకున్న తోలు సంచి తెగి, తాళంచెవులు రోడ్డంతా చిందరవందరగా పడ్డాయి.

చనిపోయినవాడు తాళాలు బాగుచేసే మనిషి. వయసు యాభై ఒకటి. షాపు రెండు వీధుల అవతలే.

శవానికి కాస్త ముందు సిటీ బస్సు ఆగి ఉంది. డ్రైవర్ మెట్ల మీద కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ళు. ఇస్త్రీ నలగని యూనిఫారం. టైముకి రావడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరని డిపోలో అందరూ ఆయన్ని ‘గడియారం’ అంటారు.

ఇన్‌స్పెక్టర్ ఎనిమిది నలభైకి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు. టేపు తీసి రోడ్డు కొలిచింది. స్టేషన్లో ఆమెని వెనకాల ‘టేపు మేడమ్’ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు.

బ్రేకు గీతలు జీబ్రా దాటాకే మొదలయ్యాయి. పద్నాలుగు మీటర్లు. జీబ్రాకి ముందు ఒక్క గీత కూడా లేదు.

ఆమె డ్రైవర్ దగ్గరికి వచ్చింది.

“సిగ్నల్ ఏ రంగులో ఉంది?”

“సిగ్నల్ లేదు.”

“లేదంటే? ఆరిపోయి ఉందా?”

“లేదంటే లేదు మేడమ్. ఉంటే ఆగనా? ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు నాది. ఒక్క కేసు లేదు. మీ చేతనైతే సిగ్నల్ వాళ్ళని పట్టుకోండి.”

ఇన్‌స్పెక్టర్ తలెత్తి చూసింది. బస్సుకి ముందు, రోడ్డుకి అడ్డంగా ఉన్న ఇనప దూలానికి సిగ్నల్ వేలాడుతోంది. ఎర్రగా వెలుగుతోంది.

“సీట్లో కూర్చోండి. తిన్నగా ముందుకి చూడండి. ఇప్పుడు ఉందా?”

ఆయన కూర్చున్నాడు. చూశాడు.

“లేదు.”

“తల పైకెత్తండి.”

ఆయన గడ్డం పైకెత్తాడు. ఆ ముఖంలో రంగు మారింది.

“ఇప్పుడు... ఉంది.”

“మీ కళ్ళకేమైనా జబ్బుందా?”

ఆయన కసిరినట్టు అన్నాడు: “నీటికాసులు. గ్లాకోమా అంటారు మీ భాషలో. ఐదేళ్ళుగా చుక్కల మందు వేసుకుంటున్నా. ఈ నెల్లోనే టెస్ట్ పాసయ్యా. కాగితం డిపోలో ఉంది. వెళ్ళి చూసుకోండి.”

పదింటికి మార్చురీ బయట తాళాలాయన భార్య కనిపించింది. ఏడవడం లేదు. ఇన్‌స్పెక్టర్ని ఎగాదిగా చూసింది.

“సిగ్నల్ కనిపించలేదన్నాడటగా?”

“అవునమ్మా. విచారిస్తున్నాం.”

“కనిపించనివాడికి బస్సెవరిచ్చారు?”

“అదే కనుక్కుంటాను.”

“కనుక్కుని నాకు చెప్పు. పేపర్లో చదివి తెలుసుకునే ఖర్మ నాకొద్దు.”

*

కంటి ఆసుపత్రి. పదకొండు యాభై.

డాక్టర్ అరవై దాటిన మనిషి. ఎవరొచ్చినా పని చెడగొట్టడానికే వచ్చారన్నట్టు చూస్తాడు. బస్సు డ్రైవర్ని చీకటి గదిలో పెద్ద మెషీన్ ముందు కూర్చోబెట్టాడు. ఒక కన్ను మూసి, రెండో కంటితో మధ్యలో దీపాన్ని చూడాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట వెలుగు చుక్క మెరుస్తుంది. కనిపిస్తే బటన్ నొక్కాలి. అంతే పరీక్ష.

నలభై నిమిషాల తర్వాత రెండు కాగితాలు బల్ల మీద పడేశాడు. రెండింట్లోనూ పై సగం నల్లగా ఉంది.

“పై సగం చూపు పోయింది. రెండు కళ్ళలోనూ. కింది సగం బాగుంది కాబట్టి రోడ్డు కనిపిస్తుంది, అద్దాలు కనిపిస్తాయి. తల మీద వేలాడే సిగ్నల్ కనిపించదు.”

“ఆయనకి తెలియలేదా?”

“ఎలా తెలుస్తుంది? పోయిన చోట నల్లగా ఉండదు. పక్కనున్న ఆకాశం ముక్క తెచ్చి మెదడు అక్కడ అతికేస్తుంది. సున్నం కొట్టిన గోడలా నున్నగా ఉంటుంది. అందుకే ఈ జబ్బు ఉందంటే ఎవడూ నమ్మడు. నామీదే ఎగురుతారు.”

“ఇరవై మూడు రోజుల క్రితం టెస్ట్ పాసయ్యానంటున్నాడు.”

డాక్టర్ నవ్వాడు. ఆ నవ్వులో స్నేహం లేదు.

“ఈ కళ్ళతోనా? అసాధ్యం. ఇది ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా పోయిన చూపు.”

*

డిపో. రెండు గంటల ఐదు నిమిషాలు.

డిపో మేనేజర్ కుర్చీలోంచి లేవలేదు. ఫైల్ తీసి ఆమె వైపు నెట్టాడు.

ఆన్‌లైన్ విజన్ టెస్ట్. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చేసేది. ఆసుపత్రిలో తేదీ దొరకడానికి నెలలు పడుతోందని లైసెన్స్ ఆఫీసు ఈమధ్యే ఒప్పుకుంది. కాగితం మీద కుడి కన్ను, ఎడమ కన్ను, చెరొక మ్యాపు. రెండూ కవలల్లా ఒకేలా ఉన్నాయి. తెల్లగా, శుభ్రంగా, కుడిపక్కన ఒక్క చిన్న నల్ల గడి తప్ప. కింద పెద్ద అక్షరాలతో: డ్రైవింగ్‌కి అర్హుడు.

తేదీ, నాలుగు. మొదలు రెండు గంటల పది నిమిషాలు. ముగింపు రెండు నలభై.

“ఇది ఆయనే చేశాడని మీకెలా తెలుసు?”

“ఆయన లాగిన్. ఆయన ఇంటి ఇంటర్నెట్. ఇంకేం కావాలి?”

“కెమెరా?”

“ఒక కన్ను మూసుకున్నారా లేదా, స్క్రీన్‌కి ఎంత దూరంలో ఉన్నారు, అంతే చూస్తుంది. ఫొటో దాచదు. ప్రైవసీ అట.”

“నాలుగో తారీఖు డ్యూటీ రిజిస్టర్ ఇవ్వండి.”

“దేనికి?”

“చదువుకోడానికి.”

అతను ఇవ్వలేదు. ఆమె చెయ్యి చాపే ఉంచింది. చివరికి ఇచ్చాడు.

నాలుగో తారీఖు. గడియారం బండి ఒకటీ యాభైకి డిపో వదిలింది. మూడూ పదికి తిరిగొచ్చింది. జీపీఎస్ కూడా అదే చెప్పింది. రెండూ పదికి ఆ బస్సు ఊరి రెండో చివర్లో ఉంది. స్టీరింగ్ ముందు గడియారం ఉన్నాడు.

రిజిస్టర్ కింద మేనేజర్ సంతకం. టెస్ట్ కాగితం కింద కూడా మేనేజర్ సంతకం.

“మీరు రెండూ చూసే సంతకం పెట్టారు” అంది ఇన్‌స్పెక్టర్.

“పదకొండు మంది డ్రైవర్లు తక్కువున్నారు నాకు. రోజుకి రెండొందల కాగితాలు సంతకం పెడతా. పక్కపక్కన పెట్టుకుని పోల్చే తీరిక మీకుంది. నాకు లేదు.”

*

గడియారం ఇల్లు మూడో అంతస్తులో. భార్య పోయి నాలుగేళ్ళైంది. కూతురు, అల్లుడు ఆయనతోనే ఉంటున్నారు. సాయంత్రం ఐదింటికి ఇన్‌స్పెక్టర్ బెల్లు కొట్టింది.

తలుపు తీసింది కూతురు. ముప్పై ఆరేళ్ళు. ఒంటి మీద అంబులెన్స్ డ్రైవర్ యూనిఫారం.

“నాన్నని లాకప్‌లో పెట్టారు. చాల్లేదా?”

“లోపలికి రావచ్చా?”

“వద్దంటే ఆగుతారా?”

ముందుగదిలో బల్ల మీద లాప్‌టాప్. దాని పక్కన విప్పిన సెల్‌ఫోన్లు, చిన్న స్క్రూడ్రైవర్లు. అల్లుడు ఫోన్లు రిపేరు చేస్తాడు.

“నాలుగో తారీఖు మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఎవరున్నారు?”

“నేను లేను” అంది కూతురు. “పొద్దున్న ఆరు నుంచి రెండింటి దాకా డ్యూటీ. ఇంటికొచ్చేసరికి రెండు ముప్పావు.”

“మీరు?”

అల్లుడు భార్య వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పేశాడు.

“నేనున్నా. భోజనానికొచ్చా. ఆ టెస్ట్ నేనే చేశా. మామయ్య అడగలేదు. నేనే చేశా. రాసుకోండి.”

“ఎన్ని చుక్కలొచ్చాయి?”

“ఏమో. చాలా.”

“ఏ కన్ను ముందు?”

“...కుడి.”

“మధ్యలో ఆపారా?”

“ఎందుకాపుతా? గబగబా నొక్కేశా. పది నిమిషాల పని.”

కూతురు గ్లాసుతో నీళ్ళు తాగుతోంది. సగంలో ఆగింది.

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ మూసింది. “రేపు నాలుగింటికి కంటి ఆసుపత్రికి రండి” అంది అల్లుడితో.

“నా కళ్ళతో మీకేం పని?”

“రండి. చెబుతా.”

తలుపు ఆమె వీపుకి తగిలేంత గట్టిగా మూసుకుంది.

*

బుధవారం పొద్దున్న ఆమె టెస్ట్ కంపెనీకి ఫోన్ చేసింది.

“మేం ఫలితం మాత్రమే ఇస్తామండీ” అన్నాడు అవతలి ఇంజనీర్.

“ఫలితం నా దగ్గరుంది. అది నమ్మబట్టే ఒక మనిషి చచ్చిపోయాడు. ఆ అరగంటలో జరిగిన ప్రతి క్లిక్కూ నాకు కావాలి.”

“దానికి పై వాళ్ళ అనుమతి...”

“వారెంట్ తెస్తే మీ పై వాళ్ళూ కింద వాళ్ళూ కలిసే వస్తారు. ఆలోచించుకోండి.”

గురువారం మూడింటికి మెయిల్ వచ్చింది. నాలుగు పేజీలు. నిమిషాలు, సెకన్లు, చుక్కలు. ఇన్‌స్పెక్టర్ ప్రింట్ తీసి, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివింది. ఒకచోట పెన్సిల్ ఆగింది.

ఐదింటికి ఆ కాగితాలు కంటి డాక్టర్ ముందున్నాయి. ఆయన వాటిని టెస్ట్ మ్యాపుల పక్కన పెట్టుకుని చదివాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఈ రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదా?”

“అందరూ కింది లైనే చదివారు.”

“చదవడం వచ్చినవాళ్ళతో ఇదే చిక్కు” అని గొణిగాడాయన. “రేపు నేనూ వస్తా.”

*

శుక్రవారం. పదకొండు గంటలు. డిపోలో డ్రైవర్ల విశ్రాంతి గది.

పొడుగాటి బెంచీ. గోడకి రూట్ల చార్టు. గడియారాన్ని కానిస్టేబుల్ తీసుకొచ్చి ఒక చివర కూర్చోబెట్టాడు. కూతురు, అల్లుడు రెండో చివర. మేనేజర్ కిటికీ దగ్గర నిలబడి మాటిమాటికీ టైము చూసుకుంటున్నాడు. డాక్టర్ ఒక్కడే కుర్చీలో.

తాళాలాయన భార్య పిలవకుండానే వచ్చింది. తలుపు పక్కన నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“టెస్ట్ నేనే చేశా” అన్నాడు గడియారం, ఎవరూ అడక్కముందే. “కేసు నామీదే రాయండి. వీళ్ళనెందుకు పిలిచారు?”

“ఆ టైముకి మీరు బస్సులో ఉన్నారు. జీపీఎస్ ఉంది. రిజిస్టర్ ఉంది. దానికింద మీ మేనేజర్‌గారి సంతకమూ ఉంది.”

మేనేజర్ నోరు తెరిచాడు.

“మీ సంగతి తర్వాత” అంది ఇన్‌స్పెక్టర్. ఆ నోరు మూతపడింది.

“అయితే నేను చెప్పిందే నిజం” అన్నాడు అల్లుడు. “నేనే చేశా.”

“బుధవారం డాక్టర్‌గారు మీ కళ్ళు చూశారు. రెండూ నిక్షేపంగా ఉన్నాయి. అందుకే మీరు చెయ్యలేదు.”

“అదేం మాట? కళ్ళు బాగుంటేనే కదా పాసయ్యేది!”

ఇన్‌స్పెక్టర్ రెండు మ్యాపుల్ని గోడకి అతికించింది. కుడి కన్ను. ఎడమ కన్ను.

“ఈ చిన్న నల్ల గడి చూడండి. ఇది జబ్బు కాదు. ఏ మనిషి కంట్లోనైనా చూపు ఆనని చోటొకటి పుట్టుకతో ఉంటుంది. డాక్టర్‌గారూ, ఎక్కడ?”

“కంటి నరం మొదలయ్యే చోట. కుడి కంటికైతే కుడిపక్కన. ఎడమ కంటికైతే ఎడమపక్కన. ప్రపంచంలో ఎవరికైనా అంతే.”

“ఇక్కడ రెండు మ్యాపుల్లోనూ కుడిపక్కనే ఉంది.”

ఆమె ఆ రెండు గడుల మీదా వేలు పెట్టి చూపించింది.

“అంటే రెండు పరీక్షలూ ఒకే కంటితో రాశారు. కుడి కంటితో. ఒక కన్ను మూశారా లేదా అన్నదే కెమెరా చూస్తుంది. ఏ కన్నో చూడదు.”

“పొరపాటున అదే కన్ను మళ్ళీ తెరిచి ఉంటారు” అన్నాడు మేనేజర్. “దానికింత రాద్ధాంతమా?”

“నేనూ అలాగే అనుకున్నా. ఈ నాలుగు పేజీలు వచ్చేదాకా.” ఆమె చదివింది. “రెండూ పదికి కుడి కన్ను మొదలు. రెండూ పదిహేడుకి పూర్తి. రెండూ పద్దెనిమిదికి ఎడమ కన్ను. కింది చుక్కలన్నిటికీ బటన్ నొక్కారు. పై చుక్కల్లో చాలావాటికి నొక్కలేదు. రెండూ ఇరవైకి ఆపేశారు. ఇరవై ఒకటికి మళ్ళీ మొదలు. మళ్ళీ అవే చుక్కలు పోయాయి. ఇరవై నాలుగుకి ఆపేశారు.”

పేజీ తిప్పింది.

“తర్వాత తొమ్మిది నిమిషాలు ఏమీ లేదు. రెండూ ముప్పై మూడుకి మూడోసారి. ఈసారి ఆ ఒక్క నల్ల గడిలో తప్ప ఏ చుక్కా తప్పలేదు. మొదటి రెండుసార్లు పొరపాటు కాదు. అవి నిజంగా ఎడమ కంటితోనే చేసినవి. ఆ కంటికి పై చుక్కలు కనిపించలేదు. అందుకే మూడోసారి కుడి కన్ను వాడారు. బస్సు డ్రైవర్‌గారి కుడి కంట్లోనూ పై సగం లేదు. అల్లుడుగారికి రెండు కళ్ళూ బాగున్నాయి. ఇది కుడి కన్ను బాగుండి, ఎడమ కన్ను పోతున్న మనిషి పని.”

“ఈ జబ్బు రక్తంలో వస్తుంది” అన్నాడు డాక్టర్. “తండ్రికుంటే పిల్లలు ఏటేటా చూపించుకోవాలి. ఎవరూ చూపించుకోరు.”

అల్లుడు మెల్లగా భార్య వైపు తిరిగాడు.

ఆమె లేచి నిలబడింది. “ఏం మాట్లాడుతున్నారు? నా కళ్ళు బాగానే ఉన్నాయి. రోజూ బండి నడుపుతున్నా నేను! ఆ రోజు రెండింటిదాకా డ్యూటీలో ఉన్నా.”

“మీరా రోజు షిఫ్టు మార్చుకున్నారు. మీ అంబులెన్స్ రిజిస్టర్‌లో డ్యూటీ మూడింటికి అని ఉంది.”

“అయితే?”

“అయితే ఒక్క నిమిషం” అంటూ డాక్టర్ ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. “కుడి కన్ను అరచేత్తో మూసుకో తల్లీ. నా ముక్కు వైపే చూడు. కళ్ళు కదిలించకు.”

ఆమె పంతంగా మూసుకుంది.

డాక్టర్ చెయ్యి పైకెత్తాడు. ఆమె ఎడమ కనుబొమకి పైగా, మూరెడు దూరంలో. రెండు వేళ్ళు చాపి మెల్లగా ఆడించాడు. గదిలో అందరికీ ఆ వేళ్ళు కనిపిస్తున్నాయి.

“ఎన్ని వేళ్ళు?”

ఆమె ఎదురుచూసింది.

“చెప్పు. ఎన్ని?”

“ముందు మీరు చెయ్యి ఎత్తండి” అందామె విసుగ్గా.

గడియారం గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదది. అప్పుడు ఆమె తల తిప్పింది. గాల్లో ఉన్న చేతిని చూసింది. కంటి మీది అరచెయ్యి జారిపోయింది.

“ఆ తొమ్మిది నిమిషాలు ఏం చేశారు?” అడిగింది ఇన్‌స్పెక్టర్.

ఆమె గోడ మీది మ్యాపుల వైపు చూసింది.

“స్క్రీన్ తుడిచా. మురికేమో అనుకున్నా. ఈయన వంటింట్లో ఉన్నారు. పిలుద్దామనుకున్నా. పిలవలేదు.” ఆమె కూర్చుంది. “నాన్న పరీక్ష అని మొదలుపెట్టా. రెండేళ్ళు ఆగితే రిటైరవుతారు. నాన్నంత జాగ్రత్తగా నడిపేవాళ్ళని నేను చూళ్ళేదు. ‘బాగానే కనిపిస్తోందే’ అని ఆయనంటే నమ్మా. నాకు బండి నడపడం నేర్పించింది ఆయనే మరి.”

“రెండూ నలభైకి టెస్ట్ అయింది. మూడింటికి మీరు అంబులెన్స్ ఎక్కారు.”

“ఎక్కా.”

“ఆ తర్వాత రోజూ.”

“రోజూ.”

“నాతో ఒక్క మాట చెప్పలేదేం?” అన్నాడు అల్లుడు. ఆ గొంతులో కోపమే ఉంది. “నీ కోసం జైలుకి పోదామనుకున్నానే! కళ్ళ సంగతి దాచావా?”

ఆమె అతని వైపు చూడలేదు.

తాళాలాయన భార్య తలుపు దగ్గర్నుంచి కదిలింది. నేరుగా వచ్చి ఆమె ముందు నిలబడింది.

“నువ్వు నొక్కిన చుక్కలకి మా ఆయన పోయాడు.”

“అవును.”

“నీకు కూడా కనిపించట్లేదని తెలిశాకైనా, మీ నాన్నకెలా కనిపిస్తుందని అనుకోలేదా?”

కూతురు తల ఊపింది.

“అనుకున్నా. ఆ రోజే అనుకున్నా.”

“ఇరవై మూడు రోజులు?”

“రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ...”

“చాలు” అంది ఆవిడ. “నాకు కావాల్సిందదే.” ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. “ఇతన్ని కూడా వదలకు.” వేలు మేనేజర్ వైపు చూపించింది. “చూసే కళ్ళుండి సంతకం పెట్టింది ఇతనొక్కడే.”

“ఎవరిని పట్టుకుని...” అంటూ మేనేజర్ ముందుకొచ్చాడు. కానిస్టేబుల్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మళ్ళీ తియ్యలేదు.

ఆవిడ వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసింది. అంబులెన్స్ కంట్రోల్ రూముకి చేసి, మధ్యాహ్నం షిఫ్టుకి వేరే డ్రైవర్ని వేసుకోమంది. కారణం అడిగారు. లిఖితంగా పంపుతానంది.

గడియారం లేచాడు. బేడీలున్న చేతులతోనే డాక్టర్ ఎదుటికి వచ్చాడు.

“దాని కన్ను నిలుస్తుందా?”

“పోయింది రాదు. ఉన్నది నిలబెట్టొచ్చు. కుడి కన్ను ఇంకా బాగుంది. మందు ఇవాళే మొదలుపెట్టాలి. రేపూ ఎల్లుండీ అంటే నీ దారే.”

“మరింకా ఇక్కడేం చేస్తున్నారు?” ఆయన ఇన్‌స్పెక్టర్ మీదికి అరిచాడు. “రాతకోతలు తర్వాత చూసుకోండి! తీసుకెళ్ళండి దాన్ని!”

“నామీద అరవకండి” అంది ఇన్‌స్పెక్టర్. టేపు, కాగితాలు సంచిలో సర్దుకుంది. ఆమె గొంతు ఏమీ మారలేదు. “ముందు ఆసుపత్రి. అక్కడినుంచి స్టేషన్. నడవండి.”

కూతురు తండ్రి వైపు ఒక్క అడుగు వేసింది. ఆయన ముఖం తిప్పేసుకున్నాడు. ఆమె అక్కడే కాసేపు నిలబడి, బయటికి నడిచింది.

పదకొండు నలభై. డిపో ఆవరణలో ఎండ. పోలీసు జీపు గేటు దగ్గరుంది. కూతురు అందరికన్నా ముందు నడిచింది. వేగంగా, పదమూడేళ్ళుగా డ్యూటీకి పరిగెత్తే మనిషిలాగే. వెళ్ళి డ్రైవర్ వైపు తలుపు పట్టుకుంది.

పట్టుకున్నాక గుర్తొచ్చింది.

ఆమె తలుపు వదిలింది. జీపు ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళి, అవతలి వైపు ఎక్కి కూర్చుంది.